విచారణ గ్రూపులో కడుపు మాట వస్తే: ఒక అడ్మిన్ పద్ధతి

మా విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే కతోలిక సంఘం) వాట్సాప్ గ్రూపులో 214 మంది ఉన్నరు. అడ్మిన్లం ముగ్గురం: ఫాదర్ గారు, ఉపదేశి (మతబోధ చెప్పేటాయన), నేను. ఫాదర్ గారికి టైం ఉండదు, ఉపదేశికి నెట్టు ఉండదు, కాబట్టి పనంతా నాదే. అంతకు ముందు 31 ఏండ్లు ఏఎన్ఎం కొలువు చేసిన. మొదట దేవరకొండ దిక్కు తండాలల్ల, తర్వాత నల్లగొండ చుట్టుపక్కల సబ్‌సెంటర్లల్ల. అబార్షన్ మీద శ్రీసభ (కతోలిక చర్చి) ఏమంటదో చిన్నప్పటి సత్యోపదేశం క్లాసు నుంచి తెలుసు. అబార్షన్ అయిన ఆడోళ్ల మంచం పక్కన కూసున్న రాత్రులూ తెలుసు. ఈ రెండూ ఒక్క గ్రూపులోకి వచ్చినప్పుడు ఏం చేయాలో మాత్రం ఒక పెద్ద తప్పు చేసినంకనే నేర్చుకున్న. పక్క విచారణల అడ్మిన్లు ఒకరిద్దరు అడిగితే ఇది రాసి పెడుతున్న.

తప్పు సంగతి ముందు చెప్త.

2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 20 నుంచి 24 వారాల మధ్య అబార్షన్‌కు చట్టం ఇచ్చిన వెసులుబాటు పెండ్లి కాని ఆడోళ్లకు కూడా వర్తిస్తదని. సరిగ్గా అప్పుడే మన జిల్లాలో మునుగోడు ఉప ఎన్నిక, నవంబర్ 3న పోలింగు. ఇగ చూడండి, ఫోను మోగుడే మోగుడు. ఒకాయన ఎక్కడిదో బొమ్మ పంపిండు. రక్తంలో పసిగుడ్డు, కింద ఎర్ర అక్షరాలు: "గర్భస్రావం హత్య. గర్భస్రావమైన తల్లి హంతకురాలు. ఓటు వేసే ముందు ఆలోచించు." నేను చూసిన. శ్రీసభ మాటే కదా అనుకున్న. పైగా ఒక దండం బొమ్మ కూడా పెట్టిన.

రాత్రి తొమ్మిదిన్నరకు ఒక నంబరు గ్రూపు నుంచి వెళ్లిపోయింది. ఎవరిదో చూస్తే మా వాడ కోడలు పిల్లది. తెల్లారి పాలు పోయించుకున్నంక వాళ్లింటికి పోయిన. తలుపు సగమే తీసింది. పెండ్లయి నాలుగేండ్లు, రెండుసార్లు మూడో నెలలో కడుపు పోయింది ఆ పిల్లకు. లోపలికి పోయి బీరువా చీరల కింద నుంచి దవాఖాన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నాలుగు మడతలు పడి, మడత దగ్గర చినిగి, పసుపు మరక పడ్డ కాగితం. డాక్టరు చేతిరాతతో "ఇన్‌కంప్లీట్ అబార్షన్" అని ఉంది.

"పెద్దమ్మా, ఇది అదేనా? నేను చంపుకున్ననా?" అన్నది.

31 ఏండ్ల సర్వీసులో అంత సిగ్గు నేనెప్పుడూ పడలే.

మాట దగ్గరే మొదలు

డాక్టర్ల భాషలో బిడ్డ బతికే వయసు రాకముందు కడుపు పోతే, దానంతట అది పోయినా అబార్షనే, చేయించినా అబార్షనే. మన పుస్తకాల తెలుగులో గర్భస్రావం కూడా అంతే, రెంటికీ అదే మాట. మన ఆడోళ్లకు మాత్రం ఈ గందరగోళం లేదు. "కడుపు పోయింది" అంటరు, "కడుపు తీయించుకుంది" అంటరు. ఎంత సాఫు భాష! పెద్ద మాటలు వాడబోయి మనమే దాన్ని పాడు చేసుకున్నం.

అందుకే మా గ్రూపులో ఇప్పుడు ఒక పద్ధతి. ఈ సంగతి రాస్తే "కావాలని చేయించే అబార్షన్" అని మొత్తం రాయాలి. సగం రాస్తే నేను తీసేసి, పంపినోళ్లకు విడిగా ఫోన్ చేస్త. శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2271వ పేరాలో మొదటి శతాబ్దం నుంచి తప్పని చెప్తున్నది కావాలని చేయించే దాన్నే. దేవుడు ఇచ్చి దేవుడే తీసుకున్న కడుపు గురించి కాదు. దానికి ఓదార్పు తప్ప వేరే మాట లేదు.

ఇంకొకటుంది, ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. గర్భసంచిలో కాకుండ ట్యూబులో నిలిచిన గర్భం. ఒకసారి ఒకామె గ్రూపులో రాసింది: "మా మరదలికి ట్యూబులో ఉందట, ఆపరేషన్ అంటున్నరు, పాపమవుతదా?" పది నిమిషాల్లో ఏడు జవాబులు వచ్చినయి. అందులో రెండు "ఆపరేషన్ వద్దు, ప్రార్థన చేయండి" అని. నేను ఆ రెండూ తీసేసి, ఆమెకు ఫోన్ చేసి, ముందు 108కి ఫోన్ చేయమన్న. ట్యూబు పగిలితే గంటల్లో ప్రాణం పోతది. దెబ్బతిన్న ట్యూబును తీసేయడం తల్లి ప్రాణం కాపాడే వైద్యం. బిడ్డ దక్కకపోవడం దాని వెంట వచ్చే దుఃఖం. కతోలిక నైతిక బోధన దాన్ని నేరుగా చేసిన అబార్షన్ అనదు. ఇది ఏ ఫాదర్ గారిని అడిగినా చెప్తరు. కానీ అడిగేది రక్తం పోతున్న గంటలో కాదు. అట్లాంటి ప్రశ్న గ్రూపులో కనబడితే జవాబు రాయకండి. ఫోన్ చేయండి.

మెత్తబడమని కాదు

ఇదంతా విని శ్రీసభ మాటను పలుచన చేయమంటున్ననని అనుకునేరు. కాదు. గర్భం ధరించిన క్షణం నుంచి ప్రాణాన్ని కాపాడాలి (సత్యోపదేశం 2270), కావాలని తీయడం ఘోరమైన పాపం. రెండో జాన్ పాల్ పోపు గారు 1995లో ఎవాంజేలియుం వీటే లేఖలో చెప్పింది ఇదే. ఫ్రాన్సిస్ పోపు గారు చెప్పింది కూడా ఇదే. గ్రూపులో ఎవరన్నా "మరి శ్రీసభ ఏమంటది" అని అడిగితే సూటిగా ఇదే రాయండి, రెండు వాక్యాల్లో. నీళ్లు నమిలితే అడిగినోళ్లను మోసం చేసినట్టే.

అదే 1995 లేఖ 99వ పేరాలో పోపు గారు అబార్షన్ చేయించుకున్న ఆడోళ్లతోనే నేరుగా మాట్లాడిన్రు. మీ నిర్ణయం వెనుక ఎన్ని ఒత్తిళ్లున్నయో శ్రీసభకు తెలుసు, ఆశ వదులుకోకండి అని. ఆ పేరాను తెలుగు చేసి ఫార్వర్డ్ చేసినోళ్లను నేనింతవరకు చూడలే. రక్తం బొమ్మలైతే వందల్లో చూసిన.

2024 ఏప్రిల్‌లో రోము నుంచి దిగ్నీతాస్ ఇన్ఫినీతా అని పత్రం వచ్చింది. మనిషి గౌరవాన్ని తొక్కేసే పనులు వరుసగా చెప్పిన్రు అందులో. పేదరికం, యుద్ధం, ఆడోళ్ల మీద హింస, అబార్షన్... ఆ వరుస చివర డిజిటల్ హింస కూడా ఉంది. అంటే కడుపు తీయించుకునుడూ, ఫోనులో మనిషిని నలుగురిలో నిలబెట్టి తిట్టుడూ ఒక్క పత్రంలోనే ఉన్నయి. రెండూ ఒకటే బరువని కాదు. మొదటిదాని గురించి రాసేటప్పుడు రెండోది చేయొద్దని నేను అర్థం చేసుకున్న.

2018లో ఫ్రాన్సిస్ పోపు గారు గౌదేతే ఎత్ ఎక్సుల్తాతేలో ఇంకా ఘాటుగా అన్నరు (115వ పేరా). కతోలికులు కూడా ఇంటర్నెట్‌లో నోటి హింసలో చిక్కుకుంటున్నరు, మిగతా ఆజ్ఞలు కాపాడుతున్నమని చెప్పుకుంటూ ఎనిమిదో ఆజ్ఞను మరిచిపోతున్నరని. ఎనిమిదో ఆజ్ఞ అంటే అబద్ధ సాక్ష్యం పలకరాదు. (మా గ్రూపులో బాప్టిస్టు సంఘం నుంచి వచ్చిన కోడండ్లు నలుగురున్నరు. వాళ్ల లెక్కలో అది తొమ్మిదోది. దాని మీద ఒక పూటంతా వాదులాట అయింది. ఆజ్ఞ ఎన్నోదైనా అబద్ధం అబద్ధమే కదమ్మా అని ఉపదేశి ఆపిండు.)

"పోపు గారు అన్నరట"

ఇట్ల మొదలయ్యే మెసేజి ఏదైనా సరే, నేను మూడు అడుగుత. ఏ పత్రం? ఏ సంవత్సరం? ఎన్నో పేరా? వాటికన్ వెబ్‌సైట్‌లో పత్రాలన్నీ పేరా నంబర్లతో ఉంటయి. ఇంగ్లీషు రాకపోతే ఇంటర్ చదివే మనవరాలిని కూసోబెట్టుకోండి, పది నిమిషాల పని. మూడింట్లో ఒక్కదానికీ జవాబు లేకపోతే ఆ మెసేజి నా గ్రూపులో ఉండదు.

ఎక్కువగా తిరిగేది "పోపు గారు అబార్షన్‌ను ఒప్పుకున్నరు" అన్నది. దాని మూలం 2016 నవంబర్‌లో వచ్చిన మిసెరికోర్దియా ఎత్ మిసేరా లేఖ. అంతకు ముందు చాలా చోట్ల ఈ పాపానికి క్షమాపణ ఇచ్చే అధికారం పీఠాధిపతులకు (బిషప్పులకు), వాళ్లు ఒప్పజెప్పిన గురువులకే (ఫాదర్లకే) ఉండేది. 2015 డిసెంబర్ నుంచి నడిచిన కరుణా సంవత్సరంలో ఫ్రాన్సిస్ పోపు గారు గురువులందరికీ ఆ అధికారం ఇచ్చిన్రు, ఈ లేఖతో దాన్ని అట్లనే కొనసాగించిన్రు. అబార్షన్ ఘోర పాపమని అదే లేఖలో గట్టిగా చెప్పిన్రు, దేవుని కరుణ అందని పాపం లేదని కూడా. తలుపు తెరిచిన్రు, అంతే. పాపసంకీర్తనానికి (గురువు ముందు పాపం ఒప్పుకునేటందుకు) పోవాలంటే నల్లగొండ పీఠాధిపతుల దాకా పోవాల్నా అని నన్ను అడిగినోళ్లున్నరు. అవసరం లేదు. మీ విచారణ గురువులు చాలు.

దీనికి ఎదురుగా ఇంకో మెసేజి తిరుగుతది: "కడుపు తీయించుకున్నదాన్ని శ్రీసభ వెలేసింది, గుడికి రానియ్యొద్దు." ఇది సగం తెలిసినోళ్ల పని. శ్రీసభ చట్టంలో శిక్ష ఉన్న మాట నిజమే. 2021 డిసెంబర్ 8 నుంచి అది 1397వ సూత్రం, అంతకు ముందు 1398. కానీ 16 ఏండ్లు నిండనోళ్లకు అది వర్తించదు. భయపెడితే చేయించుకున్నోళ్లకు, ఇట్లాంటి శిక్ష ఉందని తమ తప్పు లేకుండా తెలియనోళ్లకు తనంతట తాను పడే వెలి పడదు. ఎవరి సాయం లేకపోతే ఆ పని జరిగేదే కాదో, వాళ్లకు మాత్రం పడొచ్చు. స్కానింగ్ చేయించి ఆడపిల్లని తెలుసుకొని భార్యను మోటర్‌సైకిల్ మీద తీసుకపోయిన మొగుడి గురించి ఒక్క ఫార్వర్డ్ కూడా రాదు మరి. పుట్టబోయేది ఆడో మగో చెప్పుడు 1994 చట్టం ప్రకారం నేరం. పాపమూ నేరమూ రెండూ అయిన ఆ ఒక్క సంగతిలోనే మన మగోళ్ల ఫోన్లు సైలెంట్‌లో ఉంటయి.

దేశ చట్టం గురించి ఒక్కమాట, ఎందుకంటే దాని మీద కూడా అబద్ధాలే. "తొమ్మిది నెలల దాకా ఎవరైనా తీయించుకోవచ్చట" అన్నది తప్పు. అబార్షన్ చట్టానికి 2021లో వచ్చిన సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం, చట్టం చెప్పిన కొన్ని వర్గాల ఆడోళ్లకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. ఆపైన బిడ్డకు తీవ్రమైన లోపాలున్నప్పుడు మెడికల్ బోర్డు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన శ్రీసభ ఒప్పుకున్నట్టు కాదు. శ్రీసభ తప్పన్నంత మాత్రాన చట్ట ప్రకారం చేయించుకున్న పిల్లను పోలీసులు పట్టుకుపోతరని బెదిరించుడూ కుదరదు.

ఓట్ల కాలం

ఎన్నికలప్పుడు మా గ్రూపును "అడ్మిన్లు మాత్రమే" అని పెట్టేస్త. నోటిఫికేషన్ రోజు నుంచి ఫలితాల దాకా. తిట్లు పడ్డయి, పడనీయండి.

అమెరికా నుంచి వచ్చే బొమ్మలు అక్కడి పార్టీల కోసం చేసినవి. అక్కడ ఒక పార్టీ ఇటు, ఒక పార్టీ అటు. 2022 జూన్‌లో వాళ్ల సుప్రీంకోర్టు అబార్షన్ హక్కు ఇచ్చిన పాత తీర్పు కొట్టేసినంక ఆ కొట్లాట ఇంకా పెరిగింది. మన దగ్గర ఆ గీతే లేదు. 1971 ఆగస్టు 10న ఎంటీపీ చట్టం (మన అబార్షన్ చట్టం) వచ్చినప్పుడు ఇందిరా గాంధీ ప్రభుత్వం, 2021లో దాన్ని విస్తరించినప్పుడు మోదీ ప్రభుత్వం. ఆ చట్టం తీసేస్తమని మన జిల్లాలో ఓటు అడిగినోళ్లను నేను చూడలే. కాబట్టి "కతోలికులంతా ఫలానా గుర్తుకే" అని రాసేటాయన శ్రీసభ బోధ కాదు, సొంత పార్టీ పని చేస్తున్నడు. అభ్యర్థి గానీ, ఆయన ఒప్పుకోలుతో ఇంకొకరు గానీ మతం పేరు మీద ఓటడిగితే 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం 123(3) కింద అది అవినీతి చర్య. గురువులు పార్టీల్లో క్రియాశీలంగా తిరగకూడదని శ్రీసభ చట్టం 287వ సూత్రం. ఫాదర్ గారి ఫొటో పక్కన పార్టీ గుర్తు పెట్టి ఎవరన్నా పంపితే ముందు ఫాదర్ గారికి చూపించండి.

అంటే రాజకీయం మాట్లాడొద్దనా? మాట్లాడాలి. మరి ఏం మాట్లాడాలో నాకు తెలిసింది 1999 ప్రాంతంలో. దేవరకొండ దిక్కు తండాల ఆడపిల్లల అమ్మకాలు పేపర్లకెక్కిన రోజులవి. నాలుగో కాన్పు కూడా ఆడపిల్ల అయిన ఒక తల్లికి బుద్ధులు చెప్పబోయిన. బిడ్డకు పాలిస్తనే తలెత్తి నా మొకం చూసింది. "నర్సమ్మా, చంపొద్దంటవు. అమ్మొద్దంటవు. సాదమంటవు. దేంతో సాదాలె?" నా సంచిలో ఐరన్ గోలీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉన్నయి. జవాబు లేదు.

ఇప్పుడు ఓటుకొచ్చినోళ్లను నేను అదే అడుగుత. మా సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం పోస్టు నిండుతదా? అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద కడుపుతో ఉన్నోళ్లకు రోజూ గుడ్డు, పాలు, ఒక పూట అన్నం వస్తున్నయా, వారానికి రెండు రోజులేనా? కాన్పుకు అర్ధరాత్రి బండి దొరుకుతదా? స్కానింగ్ సెంటర్ల మీద తనిఖీ ఎప్పుడు జరిగింది? ఇవి గ్రూపులో పెట్టినా ఎవరూ వెళ్లిపోరు. గౌదేతే ఎత్ ఎక్సుల్తాతే 101వ పేరా చెప్పేది కూడా ఇదే: కడుపులో బిడ్డను గట్టిగా కాపాడాలి, పుట్టిన పేదోళ్ల ప్రాణం కూడా అంతే పవిత్రం.

ప్రార్థన మనవులు

అన్నిటికంటే ఎక్కువ గుట్టు బయటపడేది తిట్లతో కాదు, ప్రేమతో. "మా అక్క బిడ్డ కోసం ప్రార్థించండి" అని దవాఖాన కాగితం ఫొటో తీసి పెడతరు. పేరు, వయసు, ఎన్నో వారం, ఏం చేసిన్రు, అన్నీ కనబడతయి. అబార్షన్ చేయించుకున్న మనిషి పేరు బయటపెడితే డాక్టరుకే శిక్ష ఉంది 2021 చట్టంలో, ఏడాది దాకా జైలు. దవాఖాన దాచిపెట్టిన పేరును మనమే 214 ఫోన్లకు పంచుతున్నం. వాళ్ల నుంచి అత్తగారి ఊరికి చేరడానికి అరగంట చాలు.

కాగితం ఫొటో కనబడంగనే "అందరికీ తొలగించు" నొక్కండి, ఆలోచించొద్దు. దాని బదులు మీరే రాయండి: "మన విచారణలో ఒక కుటుంబం కష్టంలో ఉంది. ఈ రాత్రి జపమాలలో ఒక పదిమణులు వాళ్ల కోసం." ఎవరని అడుగుతరు. చెప్పకండి. దేవునికి తెలుసు, ఆయనకు ఫొటో అక్కర్లేదు.

విడిగా మాట్లాడేది

అసలు పని గ్రూపులో జరగదు. ఎవరన్నా మీకు విడిగా "అక్కా, నెల తప్పింది, ఇంట్లో తెల్వదు" అని పెడితే, ఆ రాత్రే ఫోన్ చేయండి. టైపు చేయొద్దు, అక్షరాలు మిగిలిపోతయి, ఫోను ఎవరి చేతిలో పడతదో. మొదటి ప్రశ్న "ఎట్లున్నవ్ బిడ్డా" అని. రెండోది "ఏమన్న తిన్నవా". ఎవరని, ఎట్లని అడగకండి. పిల్ల పద్దెనిమిది లోపుదైతే సంగతి వేరే, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయాలి.

మందుల షాపులో బిళ్లలు తెచ్చుకొని మింగినానని చెప్పి, రక్తం ఆగట్లేదంటే, పాపం పుణ్యం తర్వాత. ముందు దవాఖాన. నేను అట్ల తీసుకపోయినోళ్లలో ఒకామె ఆటోలో నా చేయి వదల్లేదు. ఆ దారంతా నేను ఒక్క మాట మాట్లాడలే, అది నేను చేసిన మంచి పనుల్లో ఒకటనుకుంట.

బిడ్డను కంటాను గానీ సాదలేనంటే దారి ఉంది, ఇది మాత్రం గ్రూపులో కూడా పెట్టండి. బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పజెప్పొచ్చు. మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంటది. నల్లగొండలో శిశుగృహ ఉంది. మధ్యవర్తులకు, "మంచి కుటుంబం ఉందమ్మా" అనే పెద్దమనుషులకు ఇయ్యొద్దు, అది అమ్మకమే అయితది. నేను ఆ రక్తం బొమ్మ బదులు ఈ నాలుగు లైన్లు పెట్టిన. ఆర్నెల్లలో ఇద్దరు ఫోన్ చేసిన్రు.

ఆ కోడలు పిల్ల గ్రూపులోకి తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. నేను పిలవలే. ముందు నా తప్పు గ్రూపులోనే ఒప్పుకున్న, ఎవరి పేరూ చెప్పకుండ: "నేను దండం బొమ్మ పెట్టిన మెసేజి తప్పు. కడుపు పోయిన తల్లులు నన్ను క్షమించాలి." తొమ్మిది మంది విడిగా మెసేజ్ పెట్టిన్రు. నాకు తెలిసినోళ్లే అందరూ. వాళ్లలో ఆరుగురి సంగతి మాత్రం ఆ రోజు దాకా నాకు తెల్వదు, ఏఎన్ఎంగా పనిచేసినదాన్ని.

ఇప్పుడు మా గ్రూపు వివరాల్లో ఇట్ల రాసి ఉంది, కావాలంటే కాపీ చేసుకోండి:

"కావాలని చేయించే అబార్షన్ అని మొత్తం రాయాలి. పోపు గారి మాటైతే పత్రం, సంవత్సరం, పేరా. రక్తం బొమ్మలు, దవాఖాన కాగితాలు, పార్టీ గుర్తులు పెట్టరాదు. ఆపద అయితే 108, పిల్లల సంగతైతే 1098, మనసు బాగలేకపోతే అడ్మిన్ అక్కకు ఎప్పుడైనా. పొద్దున ఐదింటికి పూల బొమ్మలు పెట్టరాదు."

చివరిది ఎవరూ పాటిస్తలేరు.